బీరువా తాళం నుంచి చదువుల గది దాకా: బడి గ్రంథపాలకుని వృత్తి చరిత్ర



గ్రంథాలయోద్యమం అనగానే మనకు భవనాలు కట్టించిన దాతలు, పుస్తకాలు సేకరించిన పెద్దలు, మహాసభలు జరిపిన నాయకులు గుర్తుకు వస్తారు. రోజూ ఆ భవనం తలుపు తీసి, వచ్చిన పాఠకుడికి కావలసిన పుస్తకం వెతికి చేతికిచ్చే మనిషి గురించి మాత్రం ఎవరూ అంతగా రాయలేదు. ఇక పాఠశాలలో ఆ పని చేసే వ్యక్తి సంగతి చెప్పనక్కర లేదు. పూర్వం ఆయనను భాండాగారి అన్నారు. ఇప్పుడు గ్రంథపాలకుడు అంటున్నాం, వాడుకలో లైబ్రేరియన్ అంటున్నాం. ఈ ఉద్యోగం మన దేశంలో ఎలా ఏర్పడింది? దానికి శిక్షణ ఎక్కడ మొదలయింది? కొందరు ఆ పనిలోనే జీవితమంతా గడపగలిగితే, చాలా బడులలో ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది? ఈ విషయాలు ఈనాటి ప్రసంగంలో మనవి చేస్తాను. రెండేసి, మూడేసి భాషల మధ్య చదువుకునే మన సరిహద్దు పిల్లలకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది.

భాండాగారం అంటే సరుకు నిలవ చేసే గది. భాండాగారి అంటే ఆ గదికి కావలి. పాత రోజుల్లో పుస్తకానికి కూడా కావలి మనిషే కావాలనుకున్నారు. తాటాకు గ్రంథం మళ్లీ దొరికేది కాదు, అచ్చు పుస్తకం ఖరీదైనది, కాబట్టి ఆ జాగ్రత్తను తప్పు పట్టలేం. అయితే అచ్చు పుస్తకాలు పెరిగి, బడులు పెరిగిన తరువాత కూడా కావలి పద్ధతే మిగిలిపోయింది. దానిని మార్చడానికి పూనుకున్న వారిలో చాలామంది ఉపాధ్యాయులు, లేదా ఉపాధ్యాయులు కాబోయి కాలేకపోయిన వారు కావడం ఈ చరిత్రలో గమనించదగిన విశేషం.

మొదట బరోడా సంస్థానం సంగతి చూద్దాం. అక్కడ వాసో గ్రామానికి చెందిన మోతీభాయ్ అమీన్ అనే ఉపాధ్యాయుడు ఊరూరా మిత్రమండలి పేరుతో చిన్న గ్రంథాలయాలు పెట్టించాడు. ఆ సంస్థానాధీశుడు మూడవ సయాజీరావు గైక్వాడ్ అమెరికాలో గ్రంథాలయాలు చూసి వచ్చి, 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్ నిపుణుణ్ణి పిలిపించాడు. 1911లో బోర్డెన్ బరోడాలో ఒక శిక్షణ తరగతి నడిపాడు. గ్రంథపాలకుని పనిని నేర్చుకోవలసిన విద్యగా మన దేశంలో గుర్తించడం అక్కడే మొదలయింది. 1915లో లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయం కూడా ఇటువంటి శిక్షణ ప్రారంభించింది.

అదే కాలంలో తెలుగునాట అయ్యంకి వెంకటరమణయ్యగారు గ్రంథాలయోద్యమానికి నడుం కట్టారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రథమ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు దానికి అధ్యక్షత వహించారు. ఆనాటికి ఇప్పటి సరిహద్దులు లేవని శ్రోతలు గుర్తుంచుకోవాలి. బళ్లారి, హోసూరు, బరంపురం, పర్లాకిమిడి అన్నీ మద్రాసు రాజధానిలోనే ఉండేవి. 1936లో గంజాం ప్రాంతం ఒరిస్సాలో చేరింది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. హోసూరు తమిళనాడులో ఉండిపోయింది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. షోలాపూరు బొంబాయి రాజధానిలోను, రాయచూరు నిజాం రాజ్యంలోను ఉండేవి. కాబట్టి మద్రాసులో జరిగిన మార్పులు మన తాతల ఊళ్లలో చాలావాటికి సొంత చరిత్రే.

ఈ ఉద్యమంలో మరొక పెద్ద గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఆయన కర్నూలులో పుట్టారు. రాజమహేంద్రవరం ట్రైనింగు కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతుండగా, 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తరువాత వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. సర్కారు బడిలో పంతులుగా పనిచేసే దారి ఆయనకు మూసుకుపోయింది. 1908లో పత్రికలో రాసిన రాతలకు జైలుకు వెళ్లారు. తరువాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ధారపోశారు. విజయవాడలో గ్రంథాలయ సంఘ భవనానికి సర్వోత్తమ భవనం అని ఆయన పేరే పెట్టుకున్నారు.

పుస్తకం పాఠకుడి దగ్గరికి నడిచి వెళ్లాలనే ఆలోచన కూడా ఆ రోజుల్లోదే. 1931లో తంజావూరు జిల్లా మన్నార్‌గుడి ప్రాంతంలో ఎడ్లబండి మీద పుస్తకాలు పల్లెలకు వెళ్లాయి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. తమిళ దేశంలో బండి, తెలుగు దేశంలో పడవ. ఉన్న వాహనాన్ని బట్టి సాధనం మారింది, ఉద్దేశం ఒక్కటే.

ఇక ఈ వృత్తికి శాస్త్రం, గౌరవం తెచ్చిపెట్టిన శియ్యాళి రామామృత రంగనాథన్‌గారి విషయానికి వద్దాం. ఆయన 1892లో తంజావూరు జిల్లా శియ్యాళిలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివి, సైదాపేట టీచర్స్ కాలేజీలో ఎల్.టి. పూర్తి చేశారు. 1917 నుంచి మంగళూరు, కోయంబత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలల్లో గణితం బోధించారు. ఆనాటికి గ్రంథాలయం మీద ఆయనకు ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు.

1923లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడి ఉద్యోగానికి ప్రకటన ఇచ్చింది. జీతం బాగున్నదని స్నేహితులు ప్రోత్సహించగా రంగనాథన్ కూడా దరఖాస్తు పెట్టారు. వచ్చిన దరఖాస్తుదారులలో ఒక్కరికీ ఆ పనిలో శిక్షణ లేదు. పరిశోధన అనుభవం ఉండాలన్న షరతు ఉంది. గణితంలో ఆయన రాసిన వ్యాసాలు అక్కడ అక్కరకు వచ్చాయి. ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఒక విజ్ఞాన సర్వస్వంలో చదివిన వ్యాసమే గ్రంథాలయ విషయంలో ఆయనకున్న మొత్తం పరిజ్ఞానం. 1924 జనవరిలో ఉద్యోగంలో చేరారు. తరగతి నిండా విద్యార్థుల మధ్య గడిపిన మనిషికి ఆ నిశ్శబ్దం భరించరానిదయింది. కొద్ది రోజులకే, తిరిగి పాఠాలు చెప్పుకుంటాను పంపించండని పైవారిని అడిగారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇంగ్లండు వెళ్లి అక్కడి గ్రంథాలయాలు చూసి రావాలి. వచ్చిన తరువాత కూడా మనసు మారకపోతే గణితం ఉద్యోగం మళ్లీ ఇస్తారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు బెర్విక్ సేయర్స్ గురువుగా దొరికారు. సేయర్స్ క్రోయ్‌డన్ పట్టణ గ్రంథాలయానికి అధికారి. రంగనాథన్ అనేక పట్టణాల గ్రంథాలయాలు తిరిగి, అవి సామాన్య జనానికి ఎలా ఉపయోగపడుతున్నాయో చూశారు. పుస్తకాలను విషయాల వారీగా విభజించడంలో ఉన్న చిక్కులు ఆయనలోని గణిత పండితుణ్ణి మేలుకొలిపాయి. లండన్‌లో ఒక దుకాణంలో పిల్లల ఆటసామాను చూశారు. చిన్న చిన్న ఇనుప ముక్కలను మరలతో రకరకాలుగా బిగించి ఎన్నో బొమ్మలు చేయవచ్చు. విషయాలను కూడా ఇలాగే భాగాలుగా విడదీసి, అవసరాన్ని బట్టి కలపవచ్చు గదా అని తోచింది. 1933లో అచ్చయిన ఆయన కోలన్ వర్గీకరణకు అదే బీజం.

1925లో తిరిగి వచ్చిన తరువాత ఆయన గణితం ఉద్యోగం అడగలేదు. 1944 దాకా, అంటే ఇరవై ఏళ్లు, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే ఉన్నారు. పాఠకులు తామే అరల దగ్గరికి వెళ్లి పుస్తకాలు చూసుకునే వీలు కల్పించారు. ఆ తరువాత కాశీలోను, ఢిల్లీలోను పనిచేసి, చివరికి బెంగుళూరులో స్థిరపడ్డారు. 1962లో అక్కడ పరిశోధన, శిక్షణ కేంద్రం నెలకొల్పారు. 1972లో ఆ నగరంలోనే కన్నుమూశారు. ఆగస్టు 12ను మన దేశంలో గ్రంథపాలకుల దినోత్సవంగా జరుపుకోవడం ఆయన పేరు మీదనే.

ఆయన చేసిన మరొక గొప్ప పని శిక్షణ. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1929లో వేసవి శిక్షణ తరగతులు మొదలయ్యాయి. వేసవిలోనే పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. బడికి సెలవులు కాబట్టి ఉపాధ్యాయులు వచ్చి నేర్చుకోగలరు. 1931లో విశ్వవిద్యాలయం ఆ తరగతుల బాధ్యత తీసుకుంది. 1937లో అవి ఏడాది డిప్లొమా కోర్సుగా మారాయి. బడిపంతులు గ్రంథపాలకుడిగా మారడానికి ఒక రాజమార్గం అలా ఏర్పడింది.

1931లోనే రంగనాథన్ తన పంచ సూత్రాలను గ్రంథరూపంలో ప్రకటించారు. వాటి సారాంశాన్ని బడికి అన్వయించి నా మాటల్లో చెబుతాను. పుస్తకం ఉన్నది పిల్లలు వాడుకోవడానికి. ప్రతి పిల్లవాడికీ తగిన పుస్తకం ఒకటి దొరకాలి. అరలో కూర్చున్న ప్రతి పుస్తకానికీ చదివేవాడు ఒకడు దొరకాలి. పుస్తకం వెతకడంలో పిల్లవాడి సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం ఏటేటా పెరుగుతూ, మారుతూ ఉండాలి. వినడానికి ఇవి చాలా మామూలు మాటలు. ఆచరణలో చూస్తే, బీరువాకు తాళం వేసిన క్షణాన మొదటిది ఆగిపోతుంది, దానితోపాటే మిగిలిన నాలుగూ ఆగిపోతాయి. పాఠశాల, కళాశాల గ్రంథాలయాల గురించి ఆయన 1942లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో కేంద్ర ప్రభుత్వం మాధ్యమిక విద్యా సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షులు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. తమిళ కుటుంబానికి చెందిన ఈ పెద్దమనిషి పుట్టింది మన కర్నూలులో. 1953లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక బడి గ్రంథాలయాల స్థితిని ఏమాత్రం దాచకుండా చెప్పింది. చాలా బడుల్లో గ్రంథాలయం అనదగినదే లేదనీ, ఉన్న పుస్తకాలు పాతబడినవీ పిల్లల అభిరుచికి పొసగనివీ అనీ, వాటిని చూసేది ఒక గుమాస్తా లేదా ఆసక్తి లేని ఉపాధ్యాయుడనీ రాసింది. దానికి మందు కూడా సూచించింది. పెద్ద ఉన్నత పాఠశాలల్లో పూర్తికాలం పనిచేసే, శిక్షణ పొందిన గ్రంథపాలకుడు ఉండాలి. ఆయనకు సీనియర్ ఉపాధ్యాయునితో సమానమైన జీతం, హోదా ఉండాలి.

ఈ సిఫారసు అమలయిన చోట్లు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాలలోను, 1986 నుంచి ఏర్పడిన నవోదయ విద్యాలయాలలోను గ్రంథపాలకుని పోస్టు ఉంది. కేంద్రీయ విద్యాలయంలో ఆ పోస్టు జీతశ్రేణి శిక్షణ పొందిన పట్టభద్ర ఉపాధ్యాయునిదే. ఆ పోస్టులో చేరినవారు పదవీ విరమణ దాకా అదే పనిలో ఉండవచ్చు. అటువంటి బడిలో పిల్లవాడు ఆరవ తరగతిలో ఏం చదివాడో, తొమ్మిదో తరగతికి ఏం చదవగలడో తెలిసిన పెద్దదిక్కు ఒకరు ఉంటారు. దీర్ఘకాలం ఒకే పనిలో ఉండటం వల్ల కలిగే అసలు లాభం ఇదే. పుస్తకాల జాబితా ఎవరైనా తయారు చేయవచ్చు. ఈ పిల్లవాడికి ఈ పుస్తకం అని చెప్పగలగడానికి ఏళ్లు పడుతుంది.

మిగిలిన బడుల సంగతి ఏమిటి? 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఎనిమిది తరగతుల బడులకు వర్తిస్తుంది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రిక, మాసపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలనీ చట్టం అనుబంధంలో రాశారు. ఎంతో సంతోషం. కాని అదే అనుబంధంలో ఉపాధ్యాయుల సంఖ్య చెప్పినచోట గ్రంథపాలకుడి ప్రస్తావన లేదు. చిత్రకళకు, వ్యాయామానికి, చేతిపనులకు పాక్షికకాల బోధకులను చేర్చారు, పుస్తకాలకు ఎవరినీ చేర్చలేదు. 2018లో వచ్చిన సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏటా అయిదు వేల నుంచి ఇరవై వేల రూపాయల దాకా పుస్తకాలకు నిధి కేటాయించారు. పుస్తకాలు వస్తాయి. వాటిని పిల్లల చేతుల్లో పెట్టే బాధ్యత, అప్పటికే వారానికి ముప్ఫై పీరియడ్లు చెప్పే ఏ తెలుగు మాస్టారికో, సైన్సు టీచరమ్మకో అదనపు పనిగా పడుతుంది.

అదనపు పనితో పాటు ఒక భయం కూడా వస్తుంది. ఛార్జి తీసుకునేటప్పుడు రిజిస్టరులో ఎన్ని పుస్తకాలకు సంతకం పెట్టారో, అప్పగించేటప్పుడు అన్నీ చూపించాలి. లెక్క తగ్గితే జీతంలో కోస్తారేమో అన్న బెంగ. పిల్లలకు ఇస్తే చింపుతారు, పారేస్తారు. ఇవ్వకపోతే లెక్క సరిగ్గా ఉంటుంది. అందుకే ఎన్నో బడుల్లో పుస్తకాలు కొత్త వాసన పోకుండానే చెదల పాలవుతున్నాయి. ఇందులో ఉపాధ్యాయుణ్ణి ఒక్కణ్ణే నిందించి లాభం లేదు.

ఈ విషయంలో శ్రోతలకు, ముఖ్యంగా ఉపాధ్యాయ మిత్రులకు ఒక సంగతి తెలియాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లో సవరించి వచ్చింది. అందులో గ్రంథాలయాల గురించి స్పష్టంగా ఉంది. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన లేదా వారు సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజంగా భావించవచ్చు. నిర్లక్ష్యం గాని, నిజాయితీ లోపం గాని ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం పోయినా, అరుదైన పుస్తకం పోయినా మాత్రం విచారణ జరపాలి. ఇరవై వేల పుస్తకాల లోపు ఉన్న గ్రంథాలయంలో ఏటా పూర్తి తనిఖీ చేయాలి. ఇది కేంద్ర సంస్థలకు వర్తించే నియమం. రాష్ట్రాల బడులకు ఆయా రాష్ట్రాల ఉత్తర్వులే ఆధారం. అయినా, చదివిన పుస్తకం కొంత నలుగుతుందనీ, కొన్ని పోతాయనీ ప్రభుత్వమే ఒప్పుకున్న మాట ఇది. హెడ్మాస్టర్లు, తల్లిదండ్రుల సంఘాలు తమ రాష్ట్రంలో ఇటువంటి నియమం ఏముందో కనుక్కుని, ఛార్జి తీసుకున్న వారికి రాతపూర్వకంగా భరోసా ఇస్తే సగం తాళాలు ఊడతాయి.

ఇక మన సరిహద్దు బడుల ప్రత్యేకత గురించి. ఇక్కడి పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, పుస్తకంలో ఇంగ్లీషు నేర్చుకుంటాడు. బడికి వచ్చే పుస్తకాల్లో రాష్ట్ర భాషవి ఎక్కువగా ఉండటం సహజం. రెండు లిపులు చదవగల గ్రంథపాలకుడు ఇక్కడ ఎంత అవసరమో వేరే చెప్పాలా? ప్రపంచమంతటా వాడే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తమిళ సాహిత్యానికి 894.811, కన్నడానికి 894.814, తెలుగుకు 894.827 సంఖ్యలు. అంటే అరలో అవి పక్కపక్కనే కూర్చుంటాయి. మరాఠీ సాహిత్యం 891.46 కింద కాస్త ముందు వస్తుంది. ఈ సంఖ్యలు తెలిసినవారు పుస్తకాలను క్రమంలో సర్దగలరు. పిల్లలను ఎరిగినవారు ఇంకొక అడుగు ముందుకు వేస్తారు. నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో ఒకే బొమ్మల కథను అనేక భారతీయ భాషల్లో ప్రచురించింది. తెలుగు ప్రతిని, కన్నడ ప్రతిని పక్కపక్కన పెట్టి ఇస్తే, పిల్లవాడు ఒక భాషలో తెలిసిన కథ ఆసరాతో రెండో లిపి కూడబలుక్కుంటాడు. 2015లో ప్రథమ్ బుక్స్ వారు మొదలుపెట్టిన స్టోరీవీవర్ ద్వారా ఇటువంటి కథలు కంప్యూటర్ మీద, ఫోన్ మీద ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. కర్ణాటకలో 2020లో ఓదువ బెళకు అనే కార్యక్రమం కింద పల్లె పిల్లలకు పంచాయతీ గ్రంథాలయాల్లో ఉచిత సభ్యత్వం ఇచ్చారు. బడిలో గ్రంథపాలకుడు లేని చోట ఊరి గ్రంథాలయంతో చెలిమి చేసుకోవడం తెలివైన పని.

ఈ వృత్తిలోకి రావాలనుకునే యువతీ యువకులకు దారి ఏమిటి? ఇంటర్ తరువాత గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్ కోర్సు ఉంది. డిగ్రీ తరువాత బి.లిబ్., ఆపైన ఎం.లిబ్. ఉన్నాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయాల ద్వారా ఉద్యోగం చేసుకుంటూ కూడా చదవవచ్చు. చేరిన తరువాత నేర్చుకోవలసింది మరింత ఉంటుంది. ప్రవేశ రిజిస్టరు తప్పులు లేకుండా రాయడం, గడువు చీటీ అంటించడం, చిరిగిన పుస్తకానికి కుట్టు వేయడం చేతి పనులు. ఏ పిల్లవాడు రెండు వారాలుగా అరల చుట్టూ తిరుగుతూ ఏమీ తీసుకోకుండా వెళ్తున్నాడో కనిపెట్టడం మనసు పని. కాలేజీ మొదటి దాన్నే నేర్పుతుంది. రెండోది ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చింది. అందుకే రంగనాథన్ వంటి గణితం మాస్టారు అంత గొప్ప గ్రంథపాలకుడు కాగలిగారు.

2020 జాతీయ విద్యావిధానం గ్రంథాలయాలన్నిటికీ తగినంత సిబ్బంది ఉండాలనీ, వారి వృత్తిలో ఎదిగే మార్గాలు ఏర్పరచాలనీ చెప్పింది. 1953లో మొదలియార్ సంఘం చెప్పిన మాటకూ దీనికీ మధ్య అరవై ఏడేళ్లు గడిచాయి. మాట మంచిదే, అది పోస్టుగా మారాలి. అప్పటిదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయని అడిగి ఊరుకోకండి. కిందటి నెలలో ఎన్ని పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లాయి, అందులో తెలుగువి ఎన్ని, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ పనికి వారికి వారంలో ఎన్ని పీరియడ్లు కేటాయించారు అని అడగండి. జవాబు రాకపోతే వచ్చే నెల మళ్లీ అడగండి. పీరియడ్లు కేటాయించడం హెడ్మాస్టరుగారి చేతిలోనే ఉన్న పని. దానికి పై నుంచి ఉత్తర్వు రావలసిన అవసరం లేదు.